చెట్టు కట్టుకున్న బట్ట

గ్రెసిక్ రేవు, జావా
హిజ్రీ 890, ముహర్రం నెల, పడమటి గాలి మొదలయ్యాక

మకియన్ దీవిలో ఉన్న మా అక్క సాయాకు,

అస్సలాము అలైకుం. నేను నీ తమ్ముడు కియేని. ఇక్కడ అందరూ నన్ను కమాలుద్దీన్ అంటారు. ఈ పేరు పెట్టుకుని రెండేళ్ళు దాటినా నువ్వు పంపే కబుర్లన్నీ "మా కియేగాడితో చెప్పండి" అనే మొదలవుతున్నాయి. మొన్న నేను పట్టుపాగా చుట్టుకుని, ఓడల యజమాని ఇద్రిస్ గారి పక్కన నలుగురి మధ్య నిలబడి ఉన్నాను. బాందా దీవుల పడవవాడు ఒకడు ఎండుచేపల కంపు కొడుతూ వచ్చి, "ఏరా కియే, ముక్కు చీదుకోవడం వచ్చిందా అని మీ అక్క కనుక్కోమంది" అని అరిచాడు. చెప్పు, నా పరువు ఏం కావాలి?

అందుకే ఇకనుంచి కబుర్లు వద్దు, ఉత్తరాలు రాసుకుందాం. మన ఊరి మసీదులో నమాజు చేయించే లెబె నీకు చదివి వినిపిస్తాడు, నువ్వు చెప్పింది రాసిపెడతాడు. ఆయన మర్యాదస్తుడు. నీ నోటికి కాస్త కళ్ళెం పడుతుందని ఆశ.

ఇక్కడ గోదాములో అడుగు పెడితే నాకు మన ఇల్లే గుర్తొస్తుంది. అంతా మన లవంగాల వాసన. ఇక్కడినుంచి మన మొగ్గ మలక్కా వెళ్తుంది, అక్కడినుంచి నేనెప్పుడూ చూడని దేశాలకు వెళ్తుంది. ఎవడి పులావులోనో పడుతుంది, ఎవడి పంటి నొప్పో తగ్గిస్తుంది. అయితే అక్కా, లవంగం ఎక్కడ పండుతుందని ఇక్కడి వాళ్ళని అడిగితే మలక్కాలో అంటారు. మన దీవి పేరు ఒక్కడికీ తెలియదు. అది విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఏదో ఒకటి చెయ్యాలి, మన పేరు నిలబెట్టాలి అనుకుంటాను. ఇద్రిస్ గారు సాయం చేస్తానన్నారు.

ఈ ఓడలో మన ఊరికి ఇంటికొక బట్ట వస్తోంది. పడమటి సముద్రం అవతలి క్లింగ్ దేశపు ఎర్ర అద్దకం. నీది నేనే ఏరాను. దాని నిండా ఒకటే చెట్టు, కొమ్మల్లో నెమళ్ళు. మసీదుకి ఒక కంచు జేగంట కూడా పంపుతున్నాను. దాన్ని మోగిస్తే కొండ అవతలి వాళ్ళు కూడా లేచి రావాలి. పంట విషయం ఇద్రిస్ గారి మనిషి వచ్చి మాట్లాడతాడు. మంచి మాటే చెబుతాడు, విను.

ఇక్కడి అన్నం మల్లెపువ్వులా ఉంటుంది, కానీ మూడు పూటలా తిన్నా తిన్నట్టుండదు. చేపల పులుసులో వేడి పాపెడా, మన సాగో జావ, జారవిడుచుకుని జుర్రుమని మింగి ఎన్నాళ్ళయిందో.

కమాలుద్దీన్
(సరే, కియే)

---

మకియన్
తూర్పు గాలి, కోసిన మొగ్గ ఎండి గలగలమనే నెల

ఒరేయ్ కియే,

పైన సలాములన్నీ లెబె తనంతట తానే రాసుకున్నాడు. నా మాట ఇక్కడినుంచి మొదలు.

నీకు నాన్న కొండ పేరు పెట్టాడు. ఇప్పుడు పెట్టుకున్న పేరు మంచిదే, పరిపూర్ణుడని అర్థమని లెబె చెప్పాడు. కానీ నీ పరిపూర్ణత్వం సంగతి నాకు తెలుసు కదా. చెట్లు కడుపుతో ఉన్న నెలల్లో జేగంట పంపినవాడివి ఈ సముద్రం మొత్తానికి నువ్వొక్కడివే! ఏరు దాటి తెప్ప తగలేసుకున్నావా, ఏమీ గుర్తులేదా? మొగ్గ తొడిగిందంటే తోటలో మాట కూడా గుసగుసే. కాగడా పట్టుకుని ఆ పక్కగా నడవం. తల మీద గుడ్డ ఉంటే తీసి చంకలో పెట్టుకుంటాం. ఇవన్నీ నీకు నేను నేర్పినవే.

లెబె జావావాడు, పాపం ఆయనకేం తెలుసు. జేగంట దిగిందో లేదో కర్ర పట్టుకుని బయల్దేరాడు. ఎదురెళ్ళి అడిగాను, "మామా, మీ ఆవిడకి నెలలు నిండినప్పుడు ఆవిడ చెవి దగ్గర ఇలాగే మోగించావా?" అని. ఆయన ఆగాడు, ఆలోచించాడు, కర్ర నా చేతికిచ్చాడు. (ఈ ముక్క రాస్తూ నవ్వుతున్నాడు.) ప్రస్తుతం నీ జేగంట మా ఇంట్లో వెల్లకిలా పడి ఉంది. అందులో సాగో పిండి నానబెడుతున్నాను. మంచి గిన్నె.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు పుట్టిన రోజు నాన్న నాటిన చెట్టు, నీ బొడ్డు పాతిన చోట లేచిన చెట్టు, నువ్వు వెళ్ళినప్పటినుంచి ఒక్క మొగ్గ వేయలేదు. నేను నీళ్ళు పోశాను, బతిమాలాను, తిట్టాను. ఈ ఏడు కొమ్మ వంగేలా మొగ్గ తొడిగింది. చూసి అక్కడే కూర్చుని ఏడ్చాను. నువ్వు పంపిన బట్ట సరిగ్గా అప్పుడే వచ్చింది. చెట్టు బొమ్మ ఉన్న బట్ట నాకెందుకు? నీ చెట్టుకి చుట్టాను, మొదటి కాన్పు పిల్లకి నడుముకి కట్టినట్టు. అది చూసి ఊరంతా ఎవరి బట్ట వాళ్ళ చెట్టుకి చుట్టారు. తోట అంతా ఎర్రగా పెళ్ళివారిల్లులా ఉంది. కోత అయ్యాక విప్పి, ఉతికి, దాచాం. చెట్టు కట్టిన బట్ట మనిషి కట్టకూడదు కదా.

ఆ క్లింగ్ వాళ్ళెవరో గానీ బట్ట మీద చెట్టు వేసేటప్పుడు వేళ్ళు కూడా మర్చిపోకుండా వేశారు. తెలిసినవాళ్ళే.

పంట బాందా వాళ్ళకే ఇచ్చాం, ఎప్పటిలాగే. మీ ఇద్రిస్ మనిషి మన ఒడ్డుకి రానేలేదు. ఎదుటి దీవి రాజుగారి దగ్గర కూర్చుని, అక్కడినుంచి ఒక తూనికవాణ్ణి పంపాడు. వాడి తలపాగా వాడికంటే పెద్దది. "ఇకమీదట పంటంతా మీరే మోసుకొచ్చి మా త్రాసులో పోయాలి" అన్నాడు. "కావలసినవాడు మా ఒడ్డుకొస్తాడు నాయనా, మా లవంగాలకి కాళ్ళు లేవు" అన్నాను. నవ్వుకున్నాం, వెళ్ళిపోయాడు.

వాడు నీ పేరు చెప్పుకున్నాడు. నీకు తెలిసిన మనిషేనా?

ముక్కు చీదుకోవడం వచ్చిందా?

మీ అక్క సాయా

---

గ్రెసిక్ రేవు, జావా
హిజ్రీ 891, ముహర్రం నెల

అక్కా,

నీ ఉత్తరం ఇద్రిస్ గారి ముందే చదివాను. ఆయన నవ్వలేదు.

ఆ బట్టలు కానుక కాదు. బయానా. ఈ సముద్రంలో బట్ట ముందు దిగితే పంట వెనక ఎక్కాలి, అది బేరం. ఊరి తరఫున ఒప్పుకున్నవాణ్ణి నేనే. ఇంటింటికీ బట్ట అందింది, అందరూ తీసుకున్నారు, ఆ పంటని బాందా వాళ్ళ పడవలోకి ఎక్కించారు. రేవులో నన్ను ఏమంటున్నారో నీకు తెలియదు.

ఈ ఏటి పంట మొత్తం ఇద్రిస్ గారి ఓడకే రావాలి. బాందా వాళ్ళకీ, మలక్కానుంచి వచ్చే మలయు వాళ్ళకీ ఒక్క గింజ కూడా వద్దు. ధర ఇద్రిస్ గారూ ఎదుటి దీవి రాజుగారూ కలిసి నిర్ణయించారు. కోతకు ముందు రాజుగారి కోరాకోరా, వంద తెడ్ల యుద్ధపడవ, మన ఒడ్డుకి వస్తుంది. వాళ్ళ చేతిలో ఆయుధాలుంటాయి. పని సవ్యంగా జరిగితే నన్ను మకియన్ రేవుకి పెద్దని చేసి పంపుతారు. నేను ఇంటికి వస్తానక్కా, గొడుగు పట్టించుకుని వస్తాను. అందరూ మన దీవి పేరు తెలుసుకుంటారు.

చెట్టుకి బట్ట కట్టారన్న మాట విని ఇక్కడ పగలబడి నవ్వారు. దయచేసి ఈసారి ఆ పని చెయ్యకండి.

నా గురించి దిగులు పడకు. ఇద్రిస్ గారు నన్ను ఎంతో గౌరవంగా చూస్తున్నారు. ఇప్పుడు వాళ్ళ ఇంట్లోనే ఉంటున్నాను. వాకిట్లో ఇద్దరు మనుషులు ఎప్పుడూ నాకోసమే నిలబడి ఉంటారు. రేవుకి వెళ్ళే శ్రమ కూడా లేకుండా చేశారు. ఈ ఉత్తరం రాస్తుంటే ఆయన స్వయంగా పక్కన కూర్చున్నారు.

కోత మాట ఇచ్చేది నువ్వే, నువ్వు అనందే ఊళ్ళో ఎవరూ మొగ్గ తెంపరు. అమ్మ తర్వాత ఆ మాట నీదే. ఆలోచించుకుని ఇవ్వు.

కమాలుద్దీన్

---

మకియన్
తూర్పు గాలి చివర, లవంగపు కాయలు నేల రాలే నెల

కమాలుద్దీన్ గారికి,

గుమ్మం దాటని దొరగారూ, వాకిట్లో ఇద్దరు నౌకర్లట, పక్కన యజమానట! అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు ఎవరి పంటని ఎవరికి రాసిచ్చావురా? మా నాన్న నాటిన చెట్లు, మా అమ్మ కాచిన చెట్లు. నీకిక్కడ ఉన్నది ఒక్క చెట్టు. మిగతావి మా అందరివీ. ఒక్కో చెట్టుకి ఒక్కో పేరుంది, పేరుపేరునా అడిగావా?

ఇదంతా నీ ఉత్తరం వినగానే అనాలనుకున్న మాట. ఇప్పుడు అనడానికి నోరు రావడం లేదు. ఎందుకో చివర చెబుతాను. ముందు జరిగింది విను.

ఉత్తరం విన్న రోజే బట్టలన్నీ బయటికి తీయించి మళ్ళీ చెట్లకి చుట్టించాను. నవ్వేవాళ్ళు నవ్వనీ. మొగ్గ ఎర్రబారే వేళకి కోరాకోరా వచ్చింది. దూరంనుంచే డప్పులూ జేగంటలూ హోరెత్తిపోతున్నాయి. మేం ఈటెలు పట్టుకోలేదు, తలుపులు మూసుకోలేదు. పిల్లా పెద్దా అందరం ఒడ్డుకి వెళ్ళి, తల మీద గుడ్డ తీసేసి, పెదవుల మీద వేలు పెట్టుకుని నిలబడ్డాం. కొండ వైపు, ఎర్ర బట్టలు కట్టుకున్న తోట వైపు చెయ్యి చూపించాం. అంతే.

ఆ తెడ్లు వేసేవాళ్ళెవరనుకున్నావు? చుట్టుపక్కల దీవుల పిల్లలే. ఒక్కొక్కడి పేరునా వాడి ఊళ్ళో ఒక లవంగపు చెట్టు ఉంది. ముందు డప్పువాడే చూశాడు, చెయ్యి గాల్లో ఆగిపోయింది. జేగంటవాడు గంటని అరచేత్తో నొక్కి పట్టేశాడు. తెడ్లవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు తలగుడ్డలు లాగేశారు. డప్పు లేకపోతే కోరాకోరా నడవదని వాళ్ళకి మాత్రం తెలియదా? కానీ చేతులు వాటంతటవే అలా చేసేశాయి. తెడ్డుకి తెడ్డు తగిలి చిక్కుపడింది. పడవ అడ్డంగా తిరిగి, మెల్లగా పోయి మన పగడపు దిబ్బ మీద కూర్చుంది. తూనికవాడు త్రాసుతో సహా నీళ్ళలో పడ్డాడు. లేచి "కొట్టండ్రా డప్పు!" అని అరిచాడు. "ష్‌ష్!" అన్నారు అందరూ. మేమే కాదు, వాడి మనుషులు కూడా.

చివరికి వాడు కూడా గుసగుసగానే కేకలేయాల్సి వచ్చింది.

"కోత మొదలుపెట్టించు" అన్నాడు.

"నెలలు నిండలేదు" అన్నాను.

"మొగ్గ ఎర్రబడింది. గుడ్డివాడికైనా కనిపిస్తుంది!"

"మంత్రసానిని నేనా, మీరా?"

"బట్టలు తీసుకుని మింగి కూర్చున్నారు! సిగ్గులేదూ?"

"మింగలేదు బాబూ. అవిగో, చెట్లు కట్టుకున్నాయి. నిండు చూలాలి నడుం నుంచి బట్ట లాగే మగాడు మీలో ఎవడైనా ఉంటే పంపించండి."

వాడు వెనక్కి తిరిగి తన మనుషుల్ని చూశాడు. వాళ్ళు ఇసుకని చూశారు. ముందు నిలబడ్డవాడొకడు మాత్రం గొణిగాడు, "అయ్యా, ఈ సంగతి తెలిస్తే మా అమ్మ నన్ను ఇంట్లోకి రానివ్వదు."

ఇక తూనికవాడు లెబె మీద పడ్డాడు. "నువ్వు చదువుకున్నవాడివి. ఈ చెట్టుపిచ్చిగాళ్ళకి నువ్వయినా చెప్పు" అన్నాడు. లెబె ఏం చేశాడో తెలుసా? తన పాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆయనకి ఇక్కడ చెట్టు లేదు, ఆ అవసరమూ లేదు. "చెట్టు సంగతి నాకు తెలియదు, బేరం సంగతి తెలుసు. ఇద్దరి మనసూ ఒప్పితేనే అమ్మకం. కత్తి చూపించి కొన్నది కొనడం కాదు, దోచుకోవడం. ఇది నా మాట కాదు. మీరు ఏ ధర్మం పేరు చెప్పి ఆ పాగా చుట్టారో, దాని మాట" అన్నాడు. (రాయనంటున్నాడు, తన గొప్ప తనే రాసుకోవడం బాగోదట. రాయి మామా, నేను చెబుతున్నాను కదా.)

వాళ్ళు ఒడ్డునే మకాం వేశారు. మేం కోయం, బాందా వాళ్ళని రాజుగారి పడవలు రానివ్వవు. మొగ్గ మాత్రం ఎవరి కోసమూ ఆగదు. ఒక పొద్దున లేచేసరికి పూసింది.

కియే, పుట్టి బుద్ధెరిగి మన తోట పూయగా నేను చూడలేదు. అమ్మ కూడా చూడలేదు. మొగ్గ విచ్చితే లవంగం కాదు కదా, ఏనాడూ విచ్చనివ్వలేదు. మనం చూసిందంతా పూయబోయే ముందు కోసేసిన మొగ్గే. ఆ పొద్దున కొండంతా కుచ్చుకుచ్చులుగా విచ్చుకుని ఉంది, తేనెటీగల ఝుంకారం తప్ప ఒక్క శబ్దం లేదు. ఆడవాళ్ళు ఏడ్చారు. ఏడాది కూడు పోయిందని కొందరు, ఆ అందం చూడలేక కొందరు. నేను రెండింటికీ ఏడ్చాను. తూనికవాడు మాత్రం ఒక పువ్వు కోసి వాసన చూసి, పారేసి, పడవెక్కాడు. డప్పు లేకుండా, ఎవడి తెడ్డు వాడిష్టం వచ్చినట్టు వేసుకుంటూ పోయారు.

ఈ ఏడు కొత్త కత్తి లేదు, బియ్యం లేదు, ఉప్పుకీ కరువే. అయితే ఏం? అవతలి పెద్ద దీవి హల్మహేరా అడవిలో సాగో చెట్టుంది. దానికి రాజూ లేడు, త్రాసూ లేదు. నరుక్కొచ్చి, మానులోని పిండి తీసి తింటాం.

ఇప్పుడు చివరి మాట. మొన్న దొంగచాటుగా ఒక బాందా పడవ వచ్చింది. అందులో గ్రెసిక్‌లో తెడ్డు వేసినవాడొకడున్నాడు. నిన్ను అడిగాను. "కియేనా? ఊరి పంటకి పూచీ కింద ఇద్రిస్ ఇంట్లో కట్టిపడేశారు కదమ్మా. వాకిట్లో ఇద్దరు కాపలా" అన్నాడు.

నేను వాళ్ళని నౌకర్లనుకున్నానురా. ఇన్ని నెలలూ నిన్ను దొరగారూ, దొరగారూ అని ఊరందరి ముందూ వెక్కిరించాను. ముందే తెలిసుంటే కోత మాట ఇచ్చేదాన్నా అని ఊరు నన్ను అడిగింది. ఇచ్చేదాన్నే. అందుకే నువ్వు చెప్పకపోవడం మంచిదైంది.

కానీ ఏడుస్తూ కూర్చునే రకాన్ని కాదు. చెట్లు కాయ దించేశాయి, కాన్పు అయిపోయింది, కట్టు విప్పొచ్చు. ఊరందరినీ పిలిచి చెప్పాను. ఒక్కరు కూడా కాదనలేదు. నా మీద అరిచిన వాళ్ళు, నన్ను మొండిదన్న వాళ్ళు కూడా వాళ్ళ చెట్టు బట్ట తెచ్చి నా ముందు పడేశారు. అన్నిటినీ ఈ పడవలో పంపుతున్నాం. వానకి వెలిశాయి, జిగురంటింది, చీమలున్నాయి. బట్ట తీసుకున్నాం, బట్ట తిరిగిస్తున్నాం. ఇక మా తమ్ముణ్ణి ఇవ్వమను.

మీ అక్క

కింద నేను, లెబె, నా తరఫున రాస్తున్నది: ఈ ఊరివాళ్ళు బయానా అని తెలియక బట్ట పుచ్చుకున్నారు, తెలిశాక ఒక్కటీ తక్కువ కాకుండా తిప్పి పంపారు. దీనికి నేను సాక్షిని. గ్రెసిక్ ఖాజీ గారికి వినిపించవలసింది.

---

బాందా దీవులు
హిజ్రీ 892, రబీ ఉల్ అవ్వల్ నెల

అక్కా,

ఎక్కడినుంచి రాస్తున్నానో చూశావుగా. పక్కన ఎవరూ కూర్చోలేదు. అరచేతులు బొబ్బలెక్కి కలం పట్టు దొరకడం లేదు, అందుకే ఈ వంకర రాత. బాందా పడవలో తెడ్డు వేసుకుంటూ ఇంతదూరం వచ్చాను. పట్టుపాగా అమ్మి ఎండుచేపలు కొనుక్కున్నాను. ఇప్పుడు నా దగ్గర ఏ కంపు కొడుతోందో అడగకు.

నీ మూటలు గ్రెసిక్‌లో దిగిన రోజు చెబుతాను. నేరుగా ఇద్రిస్ వాకిట్లో కుమ్మరించారు. రేవు రేవంతా చూడటానికి వచ్చింది. "ఈ పీలికలు నా బట్టలు కావు" అన్నాడు ఇద్రిస్. అప్పుడు గుంపులోంచి ఒక క్లింగ్ వర్తకుడు ముందుకొచ్చాడు. ముసలాయన. వంగి, నా చెట్టుకి కట్టిన బట్ట తీసి, ఆ నెమళ్ళ మీద వేలు పెట్టి చూశాడు. "ఎందుకు కావు? మా ఊరి అద్దకమే. నేనే తెచ్చాను, నువ్వే కొన్నావు" అన్నాడు. ఈ మరకలేమిటని నన్ను అడిగాడు. చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. "మా ఊళ్ళో వేపచెట్టుకి పసుపు బట్ట కడతారయ్యా మా ఆడవాళ్ళు. నేను తెచ్చిన వాటిలో సరైన చోటికి చేరినవి ఇవే" అన్నాడు. ఖాజీ దగ్గర సాక్ష్యం కూడా ఆయనే చెప్పాడు.

లెబె రాసిన నాలుగు ముక్కలూ ఖాజీ రెండుసార్లు చదివించుకున్నారు. "బయానా తిరిగొచ్చింది. పూచీ తీరింది. మనిషిని వదలండి" అన్నారు. ఇద్రిస్ ఆ సాయంత్రం కూడా నన్ను పిలిచి, రాజుగారి మనుషులతో వెళ్ళి ఊరిని దారికి తెస్తే రేవు పెద్ద పదవి ఇప్పటికీ నాదేనన్నాడు. "మా అక్క మంత్రసాని. ఆవిడ చెప్పందే మా ఊళ్ళో ఏదీ పుట్టదు" అన్నాను.

ఇంకో మాట నీకు తెలియాలి. కిందటి ఉత్తరం రాసేటప్పుడు పంట ఇవ్వమని రాయించింది ఇద్రిసే. కాదనను, అందులో సగం నా ఆశ కూడా ఉంది, గొడుగు మీద ఆశ. కానీ ఇంకొకటి కూడా రాయమన్నాడు. "నన్ను బంధించారు, పంట ఇవ్వకపోతే నా ప్రాణం దక్కదు అని రాయి. మీ అక్క కాళ్ళ మీద పడి వస్తుంది" అన్నాడు. కొట్టించాడు కూడా. ఆ ముక్క మాత్రం నేను రాయలేదు. గౌరవంగా చూస్తున్నారని రాశాను. వాడు చదివి చూసి, "పొగరు" అన్నాడు. మన ఇంటి పొగరేనక్కా. నా మెడ అడ్డం పెట్టి నీ నోట కోత మాట లాగనివ్వదలచుకోలేదు.

గాలి ఇటు తిరగ్గానే బయల్దేరతాం. ఒక్కటే అడుగుతాను. ఊరు నన్ను రానిస్తుందా? అందరి చెట్లనీ అడగకుండా రాసిచ్చినవాణ్ణి. నా వల్ల ఒక పంట పోయింది. పగలు ఒడ్డుకి రావడానికి మొహం చెల్లదు. పొద్దువాలాక దక్షిణం వైపు రాళ్ళ దగ్గర దిగి, వెనక దారిన ఇంటికి వస్తాను. ఎవరికీ చెప్పకు. పాపెడా ఉంటే చాలు.

కియే

---

మకియన్
పడమటి గాలి

కియే,

ఈ ఉత్తరం నీకు దారిలో అందాలని వేగంగా పోయే పడవకే ఇచ్చాను. కాబట్టి పొట్టిగా.

నీ ఉత్తరం ఊరందరి ముందూ చదివించాను. ఎవరికీ చెప్పకు అన్న ముక్కతో సహా. కొట్టించాడన్న చోట నేను లేచి అవతలికి వెళ్ళిపోయాను. తిరిగొచ్చేసరికి నీకు ఎవరి ఇంట ముందు అన్నం పెట్టాలా అని వాదించుకుంటున్నారు. పోయిన పంట ఊరంతా కలిసి పారేసుకున్నదిరా. నీ ఒక్కడి వల్ల పోయిందని గొప్పలు చెప్పుకోకు.

రాజుగారి మనుషులు మళ్ళీ వస్తారు. తెలుసు. ఈసారి అవతలి ఊళ్ళవాళ్ళు కూడా చెట్లకి బట్టలు కట్టడం మొదలుపెట్టారు. క్లింగ్ బట్ట లేకపోతే నారబట్టే కడుతున్నారు. రానీ.

కాయలు మోసి అలిసిపోయాయేమో, ఈ ఏడు ఒక్క చెట్టూ మొగ్గ వేయలేదు, నీ చెట్టుతో సహా. తిండికి కటకటే. అయితే కడుపుతో ఉన్న చెట్టు ఒక్కటీ లేదు కాబట్టి, గట్టిగా మాట్లాడుకోవచ్చు, కాగడాలు పట్టుకోవచ్చు, ఎంత చప్పుడైనా చేసుకోవచ్చు. నీ జేగంటలో సాగో పిండి ఖాళీ చేసి, చింతపండుతో తోమి, ఒడ్డున పందిరికి వేలాడదీశాను. కర్ర లెబెకి ఇవ్వలేదు, నా దగ్గరే ఉంది.

దక్షిణపు రాళ్ళ దగ్గర దిగావంటే కాళ్ళు విరగ్గొడతాను. మిట్టమధ్యాహ్నం, ఊరి ముందు ఒడ్డుకే రా. నీ పడవ కనబడిన దగ్గర్నుంచి నేను మోగిస్తూనే ఉంటాను, ఎదుటి దీవిలో రాజుగారు అన్నం ముందునుంచి లేచి ఏమిటా చప్పుడని అడిగేదాకా.

మీ అక్క సాయా